కంకరరాయి దెబ్బ

హైవే మీద టిప్పర్ వెనకాల వెళ్తుంటే ‘టప్’మని ఒక చప్పుడు. కారులో మాటలు ఒక్కసారిగా ఆగిపోతాయి. స్టీరింగ్ దగ్గరున్న మనిషి ముందుకు వంగి చూస్తే అద్దం మీద కందిగింజంత దెబ్బ, దాని నుంచి బయల్దేరిన రెండు మూడు సన్నటి గీతలు. ‘ఏం కాలేదులే, పోనీ’ అంటారు పక్కవాళ్లు. ‘దిష్టి పోయింది నాయనా’ అంటుంది వెనక సీట్లోని పెద్దావిడ. టిప్పర్ నంబరు చూద్దామని ఎవరికైనా తోచినా, వెనక ప్లేటు మీద దుమ్మే తప్ప అంకె కనిపించదు. అయిదు నిమిషాలు గడిచేసరికి ఆ సంగతే అందరూ మరిచిపోతారు.

ఇంట్లో అద్దం బీటలు వారితే అరిష్టమని ఆ పూటే తీసి బయట పెట్టే వాళ్లం మనం. కారు అద్దం మీది బీటను మాత్రం సంక్రాంతి నుంచి ఉగాదికి, ఉగాది నుంచి దసరాకి వాయిదా వేసుకుంటూ తిరుగుతాం. దసరాకు ఆయుధపూజ చేయిస్తాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, గుమ్మడికాయ కొడతాం, అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం. ఆ బొట్టుకు జానెడు దూరంలో బీట అలాగే ఉంటుంది, కాకపోతే నిరుటి కంటే కాస్త పొడుగ్గా.

రాయి తగిలినా అద్దం ఒళ్లో రాలకుండా నిలబడిందంటే దానికి కారణం ఉంది. ముందద్దం ఒకే పలక కాదు. దాదాపు రెండేసి మిల్లీమీటర్ల మందం ఉండే రెండు గాజు పలకల మధ్య, ముప్పావు మిల్లీమీటరు మందాన పాలీవినైల్ బ్యుటిరాల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఉంచి, వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. రాయి తగిలితే బయటి పలక చిట్లుతుంది. పొర ఆ ముక్కల్ని వదలదు. లోపలి పలక చాలాసార్లు చెక్కుచెదరదు కూడా. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. బయట ఇట్టే నల్లబడే ఆ అద్దాలు కారులో కూర్చుంటే మిట్టమధ్యాహ్నం కూడా సరిగా నల్లబడవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఈ పొరే దాదాపుగా అడ్డుకుంటుంది మరి.

పక్క అద్దాల సంగతి వేరు. అవి సాధారణంగా టఫెన్డ్ గాజు. బాగా కాల్చి, గాలి కొట్టి చప్పున చల్లార్చిన సరుకు. పగిలితే మొండి అంచుల చిన్న పలుకులుగా రాలిపోతుంది. పాత బండ్లలో కొన్నిటికి ముందు కూడా ఈ గాజే ఉండేది. రాయి తగిలిన మరుక్షణం అద్దమంతా తెల్లగా చిట్లిపోయి, ఎదుట ఏమీ కనపడక, పిడికిలితో పొడిచి కన్నం చేసుకుని బండిని పక్కకు తీశామని చెప్పే ముసలి డ్రైవర్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఇప్పుడు కార్లకు ముందద్దం మధ్యలో పొర ఉన్న లామినేటెడ్ గాజే కావాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధన. కాంతిలో కనీసం 70 శాతం దానిలోంచి లోపలికి రావాలని కూడా అదే నిబంధన చెబుతోంది. అద్దం మూలన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే సంఖ్య ఉంటాయి. కొత్త అద్దం వేయించుకుని డబ్బు చేతిలో పెట్టేముందు ఒకసారి వంగి వాటిని చూసుకోవడం మంచిది.

ఈ పొర పెట్టే ఆలోచన ఫ్రాన్స్‌లో పుట్టింది. ఎడ్వర్డ్ బెనెడిక్టస్ రసాయన శాస్త్రం తెలిసినవాడు, చిత్రకారుడు కూడా. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు ఫ్లాస్కు కిందపడింది. చిట్లింది గానీ ముక్కలు విడిపోలేదు. ఎప్పుడో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఆరిపోయి లోపలి గోడకు పొరగా అంటుకుని ఉందని తేలింది. ఆ రోజుల్లో పారిస్ వీధుల్లో కారు ప్రమాదాలు జరిగితే జనం గాజు ముక్కలు గుచ్చుకుని గాయపడేవారు. బెనెడిక్టస్ ఈ రెండిటినీ ముడిపెట్టి ఆలోచించాడు. 1909లో పేటెంటు తీసుకున్నాడు. ట్రిప్లెక్స్ అని దానికి పేరు పెట్టాడు. కార్ల కంపెనీలు ఎగబడి కొంటాయనుకుంటే అవి పట్టించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యాస్ మాస్కుల కళ్ల దగ్గర ఈ గాజు వాడారు. కార్లకు అది మామూలు వస్తువు కావడానికి ఆ తర్వాత కూడా ఏళ్లు పట్టింది. ప్రాణం కాపాడే వస్తువు మీద రూపాయి పెట్టడానికి మనిషి అప్పుడూ వెనకాడాడు, ఇప్పుడూ వెనకాడుతున్నాడు.

గాజు బలం తక్కువ సరుకేమీ కాదు. కంటికి ఆనని గాట్లే దాన్ని బలహీనం చేస్తాయని 1921లో ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ లెక్కగట్టి చూపాడు. పలక మీద పడే ఒత్తిడి బీట మొన దగ్గర పోగుపడుతుంది. మొన ఎంత సన్నగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ. అందుకే కందిగింజంత దెబ్బ నెలల తరబడి కదలకుండా కూర్చుని, ఒకనాడు ఉన్నట్టుండి మూరెడు పాకుతుంది. ‘ఊరికే పగిలిందండీ, ఎవరూ ముట్టుకోలేదు’ అని చెప్పుకుంటాం గానీ ఊరికే పగలదు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండన నిలిపిన కారు ఎక్కి, ఏసీ పూర్తిగా తిప్పి ఆ చల్లగాలిని అద్దం మీదికి వదిలితే లోపలి పలక బిగుసుకుంటుంది, బయటిది సాగే ఉంటుంది. ఆ పైన స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక్క కుదుపు చాలు. కాగిన అద్దం మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించినా అంతే. నీటి తేమకూ ఇందులో పాత్ర ఉంది. బీట మొనకు చేరిన తేమ గాజులోని బంధాలను మెల్లగా తెంచుతూ పోతుంది. ఎండాకాలం గట్టెక్కిందనుకున్న అద్దాన్ని వానాకాలంలో కూడా నమ్మడానికి లేదు.

ఇంత గొడవ లేకుండా మొదటి వారంలోనే తేల్చుకునే వీలుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లో ఏ కారు అద్దాల షాపులోనైనా రాయి దెబ్బకు రెసిన్ ఎక్కించే కుర్రాళ్లు దొరుకుతారు. ఆ పని కాసేపు నిలబడి చూడదగ్గది. కారును ముందు నీడకు తోయిస్తాడు. ఎండలో రెసిన్ ముందే గట్టిపడిపోతుంది కాబట్టి. సూదిలాంటి పనిముట్టుతో దెబ్బలోని గాజు పొడిని ఓపిగ్గా గీకి తీస్తాడు. అద్దానికి రబ్బరు కప్పుతో అతుక్కునే చిన్న స్టాండు బిగించి, దాని మధ్యలోని సన్నటి గొట్టం సరిగ్గా దెబ్బ మీద ఆనేలా సర్దుతాడు. అందులో రెండు మూడు చుక్కల రెసిన్ వేసి మర తిప్పుతాడు. ఒకసారి లోపలి గాలిని పైకి లాగుతాడు, ఒకసారి రెసిన్‌ను లోపలికి నెడతాడు. మళ్లీ లాగుతాడు, మళ్లీ నెడతాడు. గాలి ఉన్నంతసేపూ గీతలు నల్లగా, వెండి రంగులో మెరుస్తూ ఉంటాయి. రెసిన్ పాకిన కొద్దీ ఒక్కో గీతా మాయమవుతూ వస్తుంది. చివరి గీత మాత్రం ఒక పట్టాన వదలదు. కుర్రాడు కారు లోపలికి దూరి, వేలితో అద్దాన్ని మెల్లగా తట్టి, మళ్లీ బయటికొచ్చి మర ఇంకో చుట్టు తిప్పుతాడు. అదీ పోయాక పైన చిక్కటి రెసిన్ ఒక చుక్క వేసి, ప్లాస్టిక్ ముక్క అతికించి, అతినీలలోహిత దీపం పెడతాడు. కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. మిగిలింది బ్లేడుతో గీకి పాలిష్ చేయడం. అంతా కలిపి అరగంట, మహా అయితే ముప్పావుగంట.

కాంతిని వంచే గుణంలో ఆ రెసిన్ గాజుకు చాలా దగ్గర. మచ్చ కనిపించీ కనిపించనట్టు అయ్యేది అందువల్లే. ‘అసలు కనపడకుండా చేస్తా’ననే వాణ్ని నమ్మనక్కర్లేదు. వెలుగుకు ఎదురుగా చూస్తే లీలగా ఒక గుర్తు ఉండనే ఉంటుంది. మచ్చ పోవడం కంటే బీట మొనలో రెసిన్ నిండి అది ఇక పాకకుండా ఆగడం ముఖ్యం.

ప్రతి దెబ్బకూ ఈ వైద్యం పనికిరాదు. రూపాయి బిళ్లంత లోపు ఉంటే మంచి అవకాశం ఉంది. బీట అద్దం అంచుదాకా పోయినా, లోపలి పలకకు కూడా తగిలినా మార్చుకోవడమే మేలు. డ్రైవరు కళ్లకు సూటిగా ఎదురుగా ఉంటే రెసిన్ మిగిల్చే ఆ లీలమచ్చే రాత్రిపూట ఎదుటి బండ్ల లైట్లకు చెదిరి ఇబ్బంది పెడుతుంది కాబట్టి అక్కడా మార్చమనే చెబుతారు. దెబ్బ తగిలిన వెంటనే దాని మీద పారదర్శకమైన టేపు ముక్క ఒకటి అంటించి, షాపుకు వెళ్లేదాకా దుమ్మూ నీళ్లూ చేరకుండా చూసుకుంటే చాలు. టూత్‌పేస్టు, సూపర్ గ్లూ లాంటి ఇంటి చిట్కాలు వద్దు. ఒకసారి వాటితో నింపాక ఏ కుర్రాడూ అందులో రెసిన్ ఎక్కించలేడు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా ఎందుకు తెచ్చుకుంటున్నాం? బద్ధకం ఒక్కటే కాదు, ఇన్సూరెన్స్ లెక్కలూ ఉన్నాయి. పూర్తి స్థాయి పాలసీలో గాజుకు తరుగుదల కోత ఉండదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోసే కంపెనీ గాజుకు మాత్రం కోయదు. అయినా మన వాటాగా కట్టే తప్పనిసరి సొమ్ము (డిడక్టిబుల్) కొంత ఉంటుంది. దానికి మించి, క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందన్న బెంగ. మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే రాయితీ అది. అయిదేళ్లు కూడబెట్టుకున్న దాన్ని గులకరాయి కోసం వదులుకోవడానికి ఎవరికైనా మనసొప్పదు. చిన్న దెబ్బకు క్లెయిమ్ ఎందుకని ఆగుతారు, చేతి నుంచి పెట్టడం ఎందుకని మరికొన్నాళ్లు ఆగుతారు, అద్దం మొత్తం పాకాక చచ్చినట్టు క్లెయిమ్ పెడతారు. పాలసీదారుకూ నష్టమే, కంపెనీకీ నష్టమే. అమెరికాలోని ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరోలినా రాష్ట్రాల్లో కాంప్రెహెన్సివ్ పాలసీ ఉన్నవాళ్ల దగ్గర ముందద్దం బాగుకు డిడక్టిబుల్ వసూలు చేయకూడదని చట్టమే ఉంది. అక్కడి మనవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. ఇక్కడ చట్టం దాకా పోకపోయినా, రెసిన్‌తో పోయే చిన్న దెబ్బను బోనస్ లెక్కలోకి తీసుకోబోమని కంపెనీలు ముందుకొస్తే వాటికే లాభం. ఈలోగా మన పాలసీలో ఏముందో ఏజెంటును అడిగి తెలుసుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు మాత్రం ఈ తంటా లేదు, సొంత అద్దానికి దాంట్లో ఒక్క రూపాయీ రాదు.

అద్దం మార్చక తప్పనప్పుడు తొందరపడకూడదు. అంబాసిడర్ రోజుల్లో రబ్బరు బీడింగు గాడిలో తాడు చుట్టి, ఒకరు బయట నుంచి అద్దాన్ని నొక్కుతుంటే ఇంకొకరు లోపల నుంచి తాడు లాగుతూ కూర్చోబెట్టేవారు. ఇప్పటి కార్లకు అద్దాన్ని యూరిథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. అద్దం చుట్టూ నల్లటి పట్టీ, దాని లోపలి అంచున చుక్కలు కనిపిస్తాయి కదా, అది అలంకారం కాదు. ఎండకు జిగురు చెడిపోకుండా కాపు కాసేది ఆ నల్లపట్టీయే. కారు బోల్తా పడితే పైకప్పు నలిగిపోకుండా ముందద్దం కూడా కొంత బరువు మోస్తుంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ముందద్దానికి ఆనుకునే మనిషి వైపు తిరుగుతుంది. జిగురు ఆరకముందే బండి తీస్తే ఆ రెండు పనులకూ అద్దం నిలవదు. ఎన్ని గంటలు ఆగాలన్నది వాడిన జిగురును బట్టి ఉంటుంది. మెకానిక్‌ను అడిగి, అతను చెప్పినంతసేపు టీ తాగుతూ కూర్చోవాల్సిందే. అద్దం వెనక కెమెరా ఉండి, దారి గీతలు చూసి హెచ్చరించే కొత్త రకం కార్లకు అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్లీ సరిచేయించాలి. బిల్లు పెరుగుతుందని ఆ పని మానేస్తే కెమెరా ఉండీ లేనట్టే.

రోజూ పొద్దున్నే అపార్టుమెంట్లలో జరిగే మరో సంగతి చెప్పుకోవాలి. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగుడ్డతో బరబరా తుడిచేస్తారు. ఇసుకలోని క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. కొన్నేళ్లకు అద్దం నిండా సన్నటి గీతలు, రాత్రి ఎదుటి బండి హైబీమ్ పడితే కళ్ల ముందు తెల్లటి తెర. ఎండకు గట్టిపడ్డ వైపరు రబ్బరు చేసేదీ అదే పని. తుడిచే అబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు, ముందు నీళ్లు చల్లే వీలు మనం కల్పించాలి. డ్యాష్‌బోర్డు మీద దేవుళ్లు, అద్దానికి వేలాడే దండలు, ఫాస్టాగ్ పక్కన పాత స్టిక్కర్లు రోడ్డును ఎంత మూస్తున్నాయో డ్రైవరు సీట్లో కూర్చుని ఒకసారి చూసుకుంటే ఎవరికి వారికే తెలుస్తుంది.

ఇక అసలు రాయి దగ్గరికి వద్దాం. అది ఆకాశం నుంచి ఊడిపడదు. క్వారీలో లోడెత్తేటప్పుడు కంకరను టిప్పర్ అంచులు దాటి గోపురంలా పోస్తారు. పైన పట్టా కట్టరు. గతుకు వచ్చినప్పుడల్లా నాలుగు రాళ్లు జారుతాయి. వెనక తలుపు సందులోంచి కొన్ని రాలతాయి. పక్కపక్కనే ఉండే జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి వేగం పెరిగేసరికి వడిసెలలో పెట్టి విసిరినట్టు వెనక్కి లేస్తుంది. రాయి తాకిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుంది. టిప్పర్ వెనక దగ్గరగా అంటుకుని పోకూడదన్నది మనం పాటించగలిగిన జాగ్రత్త. నాలుగు వరసల రోడ్డు మీద అది కుదురుతుంది. క్వారీల చుట్టుపక్కల ఊళ్లలోని ఒంటి వరస రోడ్ల మీద ఎదురుగా వచ్చే టిప్పర్ నుంచి ఎక్కడికి తప్పుకుంటాం?

పైగా కారులో ఉన్నవాడికి ముందు ఒక అద్దం ఉంది. అదే దారిలో మోటార్ సైకిల్ మీద వచ్చేవాడికి ఉన్నది మొహమే. హెల్మెట్ పెట్టుకున్నా ఉక్కపోతకు ముందు భాగం పైకెత్తుకుని నడిపేవాళ్లే ఎక్కువ. మిరప కోతల కాలంలో తెల్లవారకముందే కూలీలను ఎక్కించుకుని వెళ్లే ఆటోల్లో పక్కల ఏ అడ్డూ ఉండదు. వాళ్ల కంటికి తగిలిన రాయికి రెసిన్ లేదు, నో క్లెయిమ్ బోనస్ లెక్కలూ లేవు. అద్దం మీద కందిగింజంత చుక్క వేసిన రాయి ఎదుట ఆ అద్దం లేకపోతే ఏం చేసి ఉండేదో ఆలోచిస్తే, ‘దిష్టి పోయింది’ అని సరిపెట్టుకోవడం కష్టం.

కంకర, ఇసుక లాంటివి కప్పకుండా రోడ్డెక్కించరాదన్న నిబంధనలు కొత్తవేమీ కాదు. అధిక లోడుకు 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 20 వేల రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు రాశారు. అయినా హైవే మీద అప్పుడప్పుడూ నాలుగు బండ్లు ఆపి చలానాలు రాసినంత మాత్రాన ఇది ఆగదు. టిప్పర్ డ్రైవరుకు ట్రిప్పుల లెక్కన డబ్బులు. పట్టా కప్పి తాడు బిగించడానికి పట్టే పావుగంట అతని జేబులోంచి పోతుంది. చిరిగిన పట్టా స్థానంలో కొత్తది కొనివ్వాల్సిందీ, ఆ పావుగంటకు కూలి కట్టాల్సిందీ యజమాని. లోడెత్తిన ప్రతి బండీ క్వారీలో వేబ్రిడ్జి ఎక్కుతుంది, వేబిల్లు తీసుకుంటుంది. చూడాల్సింది అక్కడ. అంచు దాటిన కంకరను అక్కడే దింపించాలి, టైర్ల మధ్య రాళ్లను గునపంతో అక్కడే తీయించాలి, పట్టా కట్టించాలి. కప్పని టిప్పర్‌కు వేబిల్లు ఇవ్వవద్దని రెండు తెలుగు రాష్ట్రాల గనుల శాఖలూ, రవాణా శాఖలూ కలిసి ఒక ఆదేశం ఇస్తే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.